ఎదగడం మరచిన కణం

మన ఎముకల్లోని మూలుగలో రోజుకు దాదాపు 10,000 కోట్ల న్యూట్రోఫిళ్లు పుడతాయి. తెల్ల రక్తకణాల్లో ఎక్కువ భాగం ఇవే. కాల్లో ముల్లు దిగినా, గొంతులో పుండు పడినా అక్కడికి ముందుగా చేరేవి ఇవే. లోపలికొచ్చిన సూక్ష్మజీవిని మింగి, దానితోపాటు తామూ పోతాయి. పుండులో కనిపించే చీములో చాలామటుకు ఇలా చచ్చిపోయిన న్యూట్రోఫిళ్లే. ఏ గాయమూ తగలకపోయినా వీటి ఆయుష్షు కొన్ని గంటలు, మహా అయితే కొద్ది రోజులు. అంత చిన్న బతుకు కోసం అవి మూలుగలో సుమారు రెండు వారాలు పెరుగుతాయి. మైలోబ్లాస్ట్, ప్రోమైలోసైట్, మైలోసైట్ అని ఒక్కో దశకూ ఒక్కో పేరు. మైలోసైట్ దశ దాటాక కణం రెండుగా చీలడం మానేస్తుంది. గుండ్రంగా ఉన్న కేంద్రకం మెల్లగా నొక్కుకుపోయి, చివరికి మూడు నాలుగు తమ్మెలుగా విడిపోతుంది. అప్పుడు అది పెద్దదైనట్టు. పెద్దదైన కణం పని చేసుకుని పోతుంది.

ఈ ఎదుగుదల ఎప్పుడైనా ఒకరిలో మధ్యలోనే ఆగిపోతుంది. ప్రోమైలోసైట్ దాకా వచ్చిన కణం ఇక ముందుకు కదలదు. పెద్దదవదు కనక చావదు. చావదు కనక తనలాంటివాటినే కంటూ పోతుంది. మూలుగంతా అవే నిండిపోయి ఎర్రకణాలకూ ప్లేట్‌లెట్లకూ చోటు దొరకదు. ఎక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఇది. ఆసుపత్రుల్లో ఏపీఎల్ అంటారు. 1957లో లీఫ్ హిల్లెస్టాడ్ అనే నార్వే డాక్టరు ముగ్గురు రోగులను చూసి, ఇది మిగతా రక్త క్యాన్సర్ల వంటిది కాదని, విడి జబ్బని రాశారు. వారాల్లో ప్రాణం తీసే జబ్బు. చంపేది కూడా రక్తస్రావంతో. ప్రోమైలోసైట్ లోపలి రేణువుల్లో రక్తం గడ్డకట్టే ఏర్పాటును తలకిందులు చేసే పదార్థాలుంటాయి. సన్నని నాళాల్లో అక్కర్లేని గడ్డలు కట్టి, గడ్డకట్టించే సరుకంతా అక్కడే ఖర్చయిపోతుంది. ఇక కావలసిన చోట నెత్తురు ఆగదు. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి ధార, దెబ్బ తగలకుండానే తొడల మీద కమిలిన మచ్చలు. అదే మెదడులో జరిగితే మిగిలేవి గంటలే.

నేను అణు జీవశాస్త్రం చదువుకున్నదాన్ని. రక్త క్యాన్సర్ కణాల్లో ఏ జన్యువు మాట్లాడుతోందో, ఏది మూగబోయిందో కొలవడం నా పని. మా రంగంలో ఎవరి దగ్గరైనా ఏపీఎల్ పేరెత్తి చూడండి, ముఖం వెలుగుతుంది. అంత వేగంగా చంపిన జబ్బు ఇవాళ పెద్దవాళ్లకొచ్చే తీవ్ర రక్త క్యాన్సర్లలోకెల్లా ఎక్కువగా నయమయ్యే జబ్బు. దానికన్నా నన్ను పట్టి కూర్చోబెట్టేది అది నయమైన తీరు. కణం ఆగిపోయిన చోటు నుంచి దాన్ని కదిలించి, పెద్ద చేసి, మిగతా కణాల మాదిరే వయసు తీరి పోయేలా చేశారు. క్యాన్సర్ అనగానే శత్రువు, పోరాటం, గెలుపు, ఓటమి అనే మాటలే మన నోటికొస్తాయి. ఆ మాటలతో ఈ జబ్బు కథ చెప్పడం కుదరదు.

జన్యువు మాట్లాడడమంటే ఏమిటో కాస్త చెప్పుకోవాలి. కంటి కణం, కాలేయ కణం, చర్మ కణం ఏది తీసుకున్నా లోపలున్న డీఎన్‌ఏ దాదాపు ఒక్కటే. ప్రొటీన్లు తయారుచేయించే జన్యువులు అందులో సుమారు 20,000. ఊళ్లో అందరిళ్లలోనూ ఉండేది అదే పంచాంగం. రైతు కార్తెలు చూసుకుంటాడు, పురోహితుడు ముహూర్తాల పేజీ తీస్తాడు, ఇంట్లో ముసలమ్మ ఏకాదశి ఎప్పుడో చూడమంటుంది. కణాలూ అంతే, ఎవరి పేజీలు వాళ్లవి. తాను చదివిన జన్యువుకు కణం ఆర్‌ఎన్‌ఏ రూపంలో నకలు రాసుకుంటుంది. ఆ నకలును బట్టి ప్రొటీన్ తయారవుతుంది. ఏ జన్యువుకు ఎన్ని నకళ్లు ఉన్నాయన్నదే జన్యు వ్యక్తీకరణ. డీఎన్‌ఏ చూస్తే ఆ కణం ఏమేం చేయగలదో తెలుస్తుంది. ఆర్‌ఎన్‌ఏ చూస్తే ఈ గంటలో అది ఏం చేస్తోందో తెలుస్తుంది. 1999లో అమెరికాలో టాడ్ గోలబ్, ఎరిక్ లాండర్ బృందం 38 మంది రక్త క్యాన్సర్ రోగుల మూలుగ నమూనాల్లో 6,817 జన్యువుల మాటలు ఒకేసారి విన్నారు. మైక్రోస్కోపులో ఎవరూ కణాన్ని చూడకుండానే, ఆ మాటలను బట్టే ఎవరిది ఏ రకం లుకేమియానో చెప్పవచ్చని చూపించారు. నా తరం వాళ్లు ఈ పనిలోకి రావడానికి ఆ వ్యాసం ఒక కారణం.

ఆర్‌ఎన్‌ఏ దొరకడం మాత్రం తేలిక కాదు. దాన్ని ముక్కలు చేసే ఎంజైములు మన వేళ్ల మీదా, మాట్లాడితే చిందే తుంపరలోనూ, తుడవని బల్ల మీదా ఉంటాయి. అందుకే నమూనా రాగానే ఐసు మీద పెడతాం. చేతి తొడుగులు మాటిమాటికీ మారుస్తాం. కణాలను ఘాటైన వాసన కొట్టే గులాబీరంగు ద్రావకంలో కరిగించి, కొంచెం క్లోరోఫామ్ కలిపి, గట్టిగా ఊపి, చల్లటి సెంట్రిఫ్యూజులో తిప్పుతాం. పావుగంట తర్వాత మూత తీస్తే గొట్టంలో మూడు వరసలు. అడుగున గులాబీరంగు, మధ్యలో పలచని తెల్లటి పొర, పైన రంగులేని నీళ్లు. మనకు కావలసింది ఆ నీళ్లలో ఉంటుంది. తెల్ల పొరలో డీఎన్‌ఏ, ప్రొటీన్లు ఉంటాయి కాబట్టి పైపెట్ మొన దానికి తగలకూడదు. ఆశ పడకుండా పైనీళ్లలో కొంత వదిలేయడం ఈ పనిలో మంచి అలవాటు. తీసిన నీళ్లకు ఐసోప్రొపనాల్ చేర్చి మళ్లీ తిప్పితే, గొట్టం అడుగున ఓ పక్కగా కనీకనపడని మరక ఒకటి మిగులుతుంది. వెలుతురుకు పెట్టి, గొట్టాన్ని వాలుగా తిప్పితే గాని కంటికి ఆనదు. ఒక మనిషి మూలుగలో లక్షల కణాలు ఆ పూట చెప్పుకున్నదంతా ఆ మరకలో ఉంటుంది. ఏళ్లు గడిచినా దాన్ని చూసినప్పుడు నా చెయ్యి కాస్త నెమ్మదిస్తుంది.

ఆ పైన, వెతికే నకలును రెట్టింపు చేస్తూ పోయే పీసీఆర్ యంత్రం పని. ఏపీఎల్ అనుమానం ఉంటే మేం వెతికేది ఒకే ఒక నకలును. ఆరోగ్యవంతుల కణంలో ఉండని నకలు అది. తెర మీద గీత కొంతసేపు నేలబారుగా సాగి, ఉన్నట్టుండి పైకి లేస్తుంది. ఎంత తొందరగా లేస్తే అంత జబ్బు ఉన్నట్టు.

చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఒక తండ్రి నమూనా పెట్టె ఇచ్చి వెళ్లిపోకుండా మా ల్యాబు తలుపు దగ్గరే నిలబడ్డాడు. జబ్బు కాలేజీలో చదివే కూతురికి. “మా వంశంలో ఎవురికీ ఇట్లాంటి జబ్బు లేదు మేడమ్. నా నెత్తుర్లోంచే వచ్చిండాదా బిడ్డకి?” అన్నాడు. “లేదన్నా, మీ నుంచీ రాలేదు, వాళ్లమ్మ నుంచీ రాలేదు. ఆ అమ్మాయి మూలుగలో ఒక్క కణంలో ఎప్పుడో మొదలైంది” అని చెప్పాను. ఆయన నమ్మాడో లేదో తెలియదు గాని, భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకుని, “వాళ్లమ్మకు చెప్తా” అన్నాడు. జన్యువు అన్న మాట ఇళ్లలోకి చేరేసరికి తలరాత అయిపోయింది. తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే. వాళ్ల నెత్తిన ఆ బరువు ఉండనక్కర్లేదు. క్యాన్సర్లలో ఎక్కువ భాగం వంశంలో దిగొచ్చేవి కావు, బతుకుదారిలో ఏదో ఒక కణంలో జరిగే మార్పుతో మొదలయ్యేవి.

ఏపీఎల్‌లో జరిగే ఆ మార్పును 1977లో పట్టుకున్నవారు షికాగో శాస్త్రవేత్త జానెట్ రౌలీ. క్రోమోజోముల ఫొటోలు ఇంటికి తెచ్చుకుని, భోజనాల బల్ల మీద పరచి, కత్తెరతో ఒక్కొక్కటే కత్తిరించి జతలు పేర్చేవారు. ఏపీఎల్ రోగుల కణాల్లో 15వ క్రోమోజోము తోకా, 17వ దాని తోకా తారుమారయ్యాయని ఆమె చూశారు. ఇది తారుమారైతే ఏమవుతుందన్నది తేలడానికి ఇంకో 13 ఏళ్లు పట్టింది. 1990లో పారిస్‌లో హ్యూగ్ ద తె, ఆన్ దెజాన్ బృందమూ, మరికొన్ని బృందాలూ ఆ అతుకు దగ్గర ఏముందో చదివారు. 17వ క్రోమోజోములో తెగింది రెటినోయిక్ ఆమ్లానికి స్పందించే జన్యువు. ఆర్‌ఏఆర్‌ఏ అంటారు. 15వ దాంట్లో తెగినదానికి పీఎంఎల్ అని పేరు పెట్టారు. రెండు సగాలూ కలిసిపోయి, మనిషి ఒంట్లో ఉండని ఒక కొత్త ప్రొటీన్ తయారవుతోంది. మా తెర మీద గీతగా లేచేది దాని నకలే.

ఆర్‌ఏఆర్‌ఏ ప్రొటీన్ చేసే పని చూడండి. తెల్లకణం ఎదగడానికి కావలసిన జన్యువుల పక్కన అది డీఎన్‌ఏ మీద కూర్చుని ఉంటుంది. ఊరకే ఉన్నప్పుడు కొన్ని సహాయ ప్రొటీన్లను పిలిచి, చుట్టుపక్కల డీఎన్‌ఏ బిగుసుకునేలా చేస్తుంది. బిగుసుకున్న చోట చదవడం కుదరదు. మనం తిన్న ఎ విటమిన్ నుంచి ఒంట్లో తయారయ్యే రెటినోయిక్ ఆమ్లం వచ్చి తనను తాకగానే, ఆ సహాయకులను వదిలేసి వేరేవాళ్లను పిలుస్తుంది. డీఎన్‌ఏ వదులవుతుంది. జన్యువులకు నకళ్లు పడతాయి, కణం ఒక మెట్టు ఎక్కుతుంది. అతుకు పడ్డ ప్రొటీన్ కూడా వెళ్లి అదే చోట కూర్చుంటుంది. రక్తంలో మామూలుగా ఉండే రెటినోయిక్ ఆమ్లం వచ్చి తాకినా కదలదు, సహాయకులను వదలదు. ఎదగడానికి కావలసిన జన్యువులన్నీ చెక్కుచెదరకుండా అక్కడే ఉంటాయి. వాటిలో అక్షరం కూడా పోలేదు. చదివేవాళ్లే లేరు. నా పని మీద నాకున్న మమకారమంతా ఈ ఒక్క సంగతిలో ఉంది. పాడైందనుకున్న కణంలో పాడవనిది ఎంతో మిగిలి ఉంటుంది.

చెడ్డ కణంలో మంచి కణం దాగి ఉండవచ్చన్న ఊహ కొత్తది కాదు. 1975లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో బియాట్రిస్ మింట్జ్, కార్ల్ ఇల్మెన్సే కలిసి ఒక రకం ఎలుక కణితి కణాలను తీసి, కొద్ది రోజుల వయసున్న ఎలుక పిండంలో పెట్టారు. పుట్టిన పిల్లలు మామూలు ఎలుకలే. చర్మంలో, రక్తంలో, లోపలి అవయవాల్లో కణితి నుంచి వచ్చిన కణాలు చక్కగా తమ పని చేసుకుంటున్నాయి. పిండంలో చుట్టూ వినిపించే మాటలు వాటిని దారిలో పెట్టాయి. ఈ ప్రయోగం గురించి మొదటిసారి చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

ఆసుపత్రుల్లో మాత్రం అప్పటికి దారి ఒకటే. వేగంగా చీలే కణాలను చంపడం. ఆ దారి వేసినవాళ్లలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. అమెరికాలోని లెడర్లీ ల్యాబులో ఆయన బృందం తయారుచేసిన అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చారు. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకుని, చీలే కణానికి కొత్త డీఎన్‌ఏ కట్టుకునే సరుకు లేకుండా చేసే మందు అది. పిల్లల్లో జబ్బు కొంతకాలమైనా వెనక్కి తగ్గిందని 1948లో ఫార్బర్ ప్రకటించారు. అంతకుముందు ఏ మందూ అంతపని చేయలేదు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు పోయారు. ఆయన వేసిన దారిలోనే కొన్ని లక్షల మంది పిల్లలు బతికి బయటపడ్డారు, ఇప్పటికీ పడుతున్నారు. కీమోథెరపీని తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు. కానీ ఏపీఎల్ రోగికి కీమో ఇస్తే పగిలిన కణాల్లోంచి రేణువులన్నీ ఒక్కసారే బయటపడి రక్తస్రావం ఇంకా పెరిగేది. మందు పనిచేయడం మొదలయ్యేలోపు చాలామంది పోయేవారు.

షాంఘైలో వాంగ్ జెన్యీ అనే డాక్టరు ఈ కణాలను చంపకుండా మార్చడం గురించి ఏళ్ల తరబడి ఆలోచిస్తూ వచ్చారు. ఇజ్రాయెల్‌లో లియో సాక్స్ లుకేమియా కణాలను గాజు పాత్రల్లో ఎదిగేలా చేశారని ఆయనకు తెలుసు. అమెరికాలో థియొడోర్ బ్రైట్‌మన్ బృందం రెటినోయిక్ ఆమ్లంతో అదే పని సాధించింది. రకరకాల లుకేమియా రోగుల కణాలపై వేసి చూస్తే, ప్రోమైలోసైట్ రకానివే ఎదుగుతున్నాయని 1981లో చెప్పింది. అక్కడ రోగులకు ఇచ్చి చూసింది ఆ ఆమ్లంలో ఒక రూపం. చైనాలో ఆ రూపం దొరికేది కాదు. చర్మవ్యాధుల కోసం షాంఘైలోనే తయారవుతున్న ఇంకో రూపం, ఆల్-ట్రాన్స్ రెటినోయిక్ ఆమ్లం, చేతికందింది. దాన్నే తీసుకున్నారు. తీరా చూస్తే అదే ఎక్కువ బాగా పనిచేసే రూపం. 1985లో ఐదేళ్ల పాప ఒకతె ఏపీఎల్‌తో చివరి దశలో ఉంది. ఇక చేయగలిగింది లేదన్న స్థితిలో ఆ మందు నోటితో ఇచ్చారు. పాప కోలుకుంది, పెరిగి పెద్దదయింది. 1988లో వాంగ్ బృందం 24 మంది రోగుల ఫలితాలు ప్రచురించింది. 24 మందిలోనూ జబ్బు కనపడకుండా పోయింది. వారిలో 23 మందికి ఈ ఒక్క మందే సరిపోయింది. అప్పటికి అతుకు పడ్డ జన్యువు సంగతి ఎవరికీ తెలియదు. మందు ముందొచ్చింది, అది ఎందుకు పనిచేసిందో రెండేళ్ల తర్వాత తెలిసింది. రక్తంలో మామూలుగా ఉండే మోతాదుకు కదలని ఆ అతుకు ప్రొటీన్, దానికి ఎన్నో రెట్లు ఎక్కువైన మోతాదుకు కదులుతుంది. అంతే.

ఆ రోజుల్లో చాలామంది అడిగిన ప్రశ్న ఒకటుంది. క్యాన్సర్ కణాలు నిజంగా ఎదిగాయా, లేక అవి చచ్చి మంచి కణాలు కొత్తగా పుట్టాయా? జవాబు స్లయిడు మీదే దొరికింది. ఏపీఎల్ ప్రోమైలోసైట్ల లోపల ఆవర్ రాడ్స్ అనే సన్నని పుల్లలుంటాయి. రంగు వేసి చూస్తే ఎర్రగా, ఒక్కోసారి కట్టలు కట్టినట్టు గుంపుగా కనిపిస్తాయి. మంచి కణాల్లో ఇవి ఉండవు. మందు మొదలుపెట్టిన రెండు మూడు వారాలకు తీసిన రక్తాన్ని మైక్రోస్కోపు కింద పెట్టినవాళ్లకు, కేంద్రకం తమ్మెలుగా చీలిన నిండు న్యూట్రోఫిళ్లు కనిపించాయి. వాటిలో కొన్నింటి కడుపులో ఆవర్ రాడ్ అలాగే ఉంది. క్రోమోజోములు చూస్తే 15, 17 తారుమారు కూడా అలాగే ఉంది. క్యాన్సర్ కణమే ఎదిగింది. ఒంట్లో దాని గుర్తు పోలేదు, ప్రవర్తన మారింది. అది ఇక చీలదు. కొద్ది రోజుల్లో తన వయసు తీరి తానే పోతుంది. ఈ వైద్యమంతా కణాన్ని మళ్లీ చావగలిగే స్థితికి తేవడమే.

కథ ఇక్కడితో ఆగితే ఎంతో బాగుండేది. ఒక్క రెటినోయిక్ ఆమ్లమే ఇచ్చిన రోగుల్లో ఎక్కువమందికి కొన్ని నెలల్లో జబ్బు తిరగబెట్టింది. కొందరికి మందు మొదలైన రోజుల్లోనే జ్వరం, ఆయాసం, ఊపిరితిత్తుల్లో నీరు వచ్చేవి. ఎదుగుతున్న కణాలు ఒక్కసారిగా కణజాలాల్లోకి దూసుకుపోవడం వల్ల వచ్చే చిక్కు అది. వెంటనే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇవ్వకపోతే ప్రాణం మీదికి వస్తుంది. కణం ఎదిగితే చాలనుకున్నవాళ్లకు ఇంకా తెలియని సంగతి ఒకటి మిగిలింది. అది బయటపెట్టినది పాషాణం, అంటే ఆర్సెనిక్.

ఈశాన్య చైనాలోని హార్బిన్‌లో 1970లలో జాంగ్ టింగ్‌డాంగ్ అనే డాక్టరు, పల్లె వైద్యుడొకరు వాడుతున్న మందు గురించి విన్నారు. అందులో తెల్ల పాషాణం, పాదరసపు లవణం, కప్ప విషం కలిసి ఉండేవి. ఆయన, ఆయన తోటివాళ్లు దాన్ని ఇంజెక్షన్‌గా మార్చి, ఒక్కొక్కటే తీసేస్తూ పరీక్షించి, పనిచేస్తున్నది పాషాణమేనని తేల్చారు. అన్ని లుకేమియాల్లోకీ ఏపీఎల్‌లోనే అది బాగా పనిచేసింది. 1997లో షాంఘై బృందం జబ్బు తిరగబెట్టిన 15 మందికి ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ ఇస్తే 14 మంది కోలుకున్నారు. ఇక ప్రపంచమంతా ఆ వైపు తిరిగింది. పాషాణం చేసే పని సూటిగా ఉంటుంది. అతుకు ప్రొటీన్‌లోని పీఎంఎల్ సగానికి అది నేరుగా అంటుకుంటుంది. కణంలోని చెత్త తీసే ఏర్పాటు వచ్చి ఆ ప్రొటీన్‌నే తునకలు చేస్తుంది. మంచి కణంలో పీఎంఎల్ ప్రొటీన్ కేంద్రకంలో కొన్ని గుండ్రటి చుక్కలుగా ఉంటుంది. వెలుగు రంగు వేసి చూస్తే లెక్కపెట్టవచ్చు. ఏపీఎల్ కణంలో ఆ చుక్కలు చితికిపోయి కేంద్రకమంతా సన్నని పొడిగా కనిపిస్తాయి. పాషాణం ఇచ్చాక పొడి మళ్లీ చేరువై చుక్కలు కడుతుంది. ఆ చుక్కలు నిలబడితేనే పీ53 అనే కాపలా ప్రొటీన్ లేచి, కణాన్ని ఇక చీలనివ్వకుండా ఆపుతుందని ద తె బృందం తర్వాతి ఏళ్లలో చూపింది. నయం కావాలంటే కణం ఎదగడమొక్కటే చాలదు, అడ్డంగా కూర్చున్న ప్రొటీన్ పూర్తిగా పోవాలి. నా అభిమాన సిద్ధాంతానికి ఇది కోత పెట్టింది. అయినా ఈ సవరణ నాకు ఇష్టమే, ఎందుకంటే దాని వల్ల మనుషులు బతికారు. 2013లో ఇటలీకి చెందిన ఫ్రాంచెస్కో లొ కోకో నాయకత్వంలో జరిగిన అధ్యయనంలో, రెటినోయిక్ ఆమ్లమూ పాషాణమూ మాత్రమే తీసుకున్నవారిలో 97 శాతం మంది రెండేళ్ల తర్వాత కోలుకుని, జబ్బు తిరగబెట్టకుండా ప్రాణాలతో ఉన్నారు. రెటినోయిక్ ఆమ్లానికి కీమో కలిపి తీసుకున్నవారిలో ఆ లెక్క 86 శాతం.

తెలుగువాళ్లకు ఈ కథలో దగ్గరి ఊరు ఒకటుంది. రాయవేలూరు. చిత్తూరు, కడప, నెల్లూరు జిల్లాల జనం తరతరాలుగా పెద్ద జబ్బు చేస్తే బస్సెక్కే ఊరు అది. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో 1998 నుంచి, కొత్తగా ఏపీఎల్ వచ్చినవాళ్లకు ఒక్క పాషాణంతోనే వైద్యం చేసి చూశారు. వాళ్ల ముందున్న ప్రశ్న షాంఘై ప్రశ్న కాదు, పారిస్ ప్రశ్న కాదు. ఖరీదైన మందులు కొనలేని, వారాల తరబడి కీమో తట్టుకోలేని మనిషిని ఎలా బతికించాలి? 2006లో విక్రమ్ మాథ్యూస్ బృందం 72 మంది ఫలితాలు ప్రచురించింది. 86 శాతం మందిలో జబ్బు కనపడకుండా పోయింది, మూడేళ్ల తర్వాత కూడా అంతే శాతం ప్రాణాలతో ఉన్నారు. మాకు చేతనైనంతలో ఏది చౌక అని కాకుండా, చౌకలో ఏది నిజంగా నయం చేస్తుందని అడిగిన డాక్టర్లు వాళ్లు. మన దేశంలో జరిగిన క్యాన్సర్ పరిశోధనల్లో నేను అన్నిటికన్నా గర్వపడేది దీని గురించే.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఈ మందు ఈసీజీ చూస్తూ, రక్తంలో పొటాషియం, మెగ్నీషియం సరిచూస్తూ, కొలిచి ఇచ్చేది. భస్మాల పేరుతో, పసరు మందుల పేరుతో పాషాణం మింగితే అది విషమే. తాగేనీళ్లలో ఏళ్ల తరబడి చేరితే అదే చర్మానికీ ఊపిరితిత్తులకూ మూత్రాశయానికీ క్యాన్సర్ తెచ్చిపెడుతుంది. ఎ విటమిన్ మాత్రలు ఎక్కువ మింగితే క్యాన్సర్ రాదన్నది కూడా నిజం కాదు. లివర్ పాడవుతుంది.

మిగతా క్యాన్సర్లు ఇలా లొంగుతాయా అని విద్యార్థులు అడుగుతుంటారు. అన్నీ లొంగవు. ఏపీఎల్‌లో అడ్డు ఒక్కటే, అది ఎక్కడుందో తెలిసింది, దాన్ని తాకే మందులు చేతికందాయి. రొమ్ము, ఊపిరితిత్తి, పేగు క్యాన్సర్లలో అడ్డులు ఎన్నో, ఒకే కణితిలో పక్కపక్క కణాలే వేరు వేరు జన్యువులు చదువుతుంటాయి. అయినా తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. ఐడీహెచ్2 జన్యువు మారిన తీవ్ర లుకేమియాలో ఎనాసిడెనిబ్ అనే మందు కణాలను ఎదిగేలా చేస్తుంది. 2017లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. మెనిన్ అనే ప్రొటీన్‌ను అడ్డుకునే రెవ్యుమెనిబ్‌కు 2024లో వచ్చింది. చదవకూడని జన్యువులను ఆగకుండా చదువుతున్న లుకేమియా కణాలను అది ఆపుతుంది. ఏపీఎల్‌లో అయినంత బాగా ఇవి పనిచేయవు. కానీ ఎదుగుతున్న కణాలను నేను చూశాను కాబట్టి ఈ వెతుకులాట వృథా కాదని గట్టిగా అనగలను.

ఇంత తెలిసీ ఏపీఎల్‌తో మనుషులు ఇప్పటికీ పోతున్నారు. పోయేవాళ్లలో ఎక్కువమంది మందు పనిచేయక పోవడం లేదు, మందు మొదలయ్యేలోపు మెదడులోనో ఊపిరితిత్తుల్లోనో రక్తస్రావమై పోతున్నారు. మొదటి కొద్ది రోజులే గండం. అందుకే అనుమానం రాగానే, జన్యు పరీక్ష కోసం ఆగకుండా, రెటినోయిక్ ఆమ్లం మొదలుపెట్టాలని ప్రపంచమంతటా వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. తీరా ఏపీఎల్ కాదని తేలితే ఆపేయవచ్చు. ఆగని చిగుళ్ల రక్తంతో, కారణం లేని కమిలిన మచ్చలతో వచ్చిన మనిషికి అదే రోజు రక్త పరీక్ష చేయాలి. ఒక చుక్క రక్తాన్ని స్లయిడు మీద పూసి, రంగు వేసి, ఎవరో ఒకరు కళ్లు పెట్టి చూడాలి. యంత్రం ఇచ్చే అంకెలు చాలవు, ఏపీఎల్‌లో తెల్లకణాల లెక్క తక్కువగా కూడా ఉండవచ్చు. రేణువులతో నిండిన ఆ ప్రోమైలోసైట్లను, వాటిలోని ఎర్రటి పుల్లలను గుర్తుపట్టగల టెక్నీషియన్ ప్రతి జిల్లా ఆసుపత్రిలోనూ ఉండాలి. రెటినోయిక్ ఆమ్లపు పది మిల్లీగ్రాముల క్యాప్సూళ్ల పట్టీలు కొన్ని అక్కడి ఫార్మసీలో ఉండాలి, హైదరాబాదులోనో వేలూరులోనో కాదు. మా ల్యాబుకు నమూనా చేరి, ఆర్‌ఎన్‌ఏ తీసి, గీత పైకి లేచిందని మేం ఫోన్ చేసే వేళకు రోగి మొదటి మోతాదు వేసుకుని ఉండాలి.